మార్జిన్ గీత కొట్టిందెవడు?

ఈమధ్య మన గురించి మాట్లాడే పెద్దమనుషులందరి నోటా ఒకటే మాట. సెమినార్లో అదే, ప్రాజెక్టు రిపోర్టులో అదే, సంపాదకీయంలో అదే: 'మార్జినలైజ్డ్'. తెలుగులో రాసేటప్పుడు 'అంచులకు నెట్టబడిన వర్గాలు' అంటారు. మాల అనరు, మాదిగ అనరు, దళితులు అనడానికి కూడా నోరు రాదు. నెట్టబడ్డామట! ఎవడు నెట్టాడయ్యా అంటే మాత్రం జవాబుండదు.

బడిలో పిల్లలకు వ్యాకరణం చెప్పుకుని బతికేవాళ్ళం గనుక మేం ఈ మాటను ఊరికే వదలదల్చుకోలేదు. మన వాడలో ఎవరైనా 'నేను కొట్టబడ్డాను' అంటారా? 'ఫలానావాడు నన్ను కొట్టాడు' అంటారు. కొట్టినవాడి పేరు ముందొస్తుంది, దెబ్బ తర్వాతొస్తుంది. చివర్న 'బడు' తగిలించి కర్తను మాయం చేసే విద్య చదువుకున్నోళ్ళది.

ఈ మాట పుట్టుపూర్వోత్తరాలు చూద్దాం. మార్జిన్‌కు మూలం లాటిన్ 'మార్గో'. అంటే అంచు, ఒడ్డు, సరిహద్దు. మనం రోజూ వాడే 'మార్కు' కూడా ఈ వంశంలోదే. పాత ఇంగ్లీషులో మార్కు అంటే హద్దు, హద్దుకు పెట్టిన గుర్తు. హద్దు ఉందంటే గుర్తు పెట్టిన చెయ్యి ఒకటి ఉందన్నమాటే. నోటుపుస్తకమే చూడండి. కాగితమంతా ఒకటే తెలుపు. స్కేలు పెట్టి గీత కొట్టాకే ఒక పక్క రాసుకునే చోటు, ఇంకోపక్క రాయకూడని చోటు అయ్యాయి. ఆ రాయకూడని చోట రాసే అధికారం ఎవరిది? ఎర్రసిరాతో మార్కులేసే అయ్యవారిది!

'మార్జినలైజ్' అంటే 19వ శతాబ్దంలో పుస్తకం పక్క జాగాలో వ్యాఖ్య రాయడం. మనుషుల్ని పక్కకు నెట్టడమనే అర్థం 20వ శతాబ్దంలో వచ్చింది. 1928లో అమెరికాలో రాబర్ట్ పార్క్ అనే సమాజశాస్త్రవేత్త 'మార్జినల్ మాన్' అన్నాడు. రెండు సంస్కృతుల నడుమ దేంట్లోనూ పూర్తిగా ఇమడని మనిషని ఆయన అర్థం. వలసల గురించి రాస్తూ అన్న మాట అది. మనం ఏ దేశం నుంచి వలసొచ్చాం? రెండింటి నడుమ ఇరుక్కున్నామా? కాదు. ఒకే ఊరు మనచేత చాకిరీ చేయించుకుంటూనే మనల్ని బయట ఉంచింది. దీని పేరు అంచు కాదు, వెలి.

ఇంకో తమాషా చూడండి. సరిహద్దు ప్రాంతాన్ని ఇంగ్లీషులో 'మార్చ్' అన్నారు. ఇదీ మార్కుకు చుట్టమే. ఆ సరిహద్దును ఏలే దొరకు 'మార్క్విస్' అని బిరుదు. మన దేశాన్నేలిన వెల్లస్లీ మార్క్విసే, డల్హౌసీ మార్క్విసే. అంచున ఉండటమే దరిద్రమైతే వీళ్ళు దొరలెట్లా అయ్యారు? వాళ్ళకు అంచుతో పాటు భూమి ఉంది, సైన్యం ఉంది. మన ఊళ్ళో పొలిమేర రాయి ఎక్కడుందో తెలిసినోడు, రాత్రిళ్ళు కావలి కాసినోడు మన వెట్టివాడు. హద్దు కాసినందుకు అక్కడ మార్క్విస్ బిరుదు, ఇక్కడ వెట్టిచాకిరీ! కనుక తేడా అంచులో లేదు. భూమి ఎవడి చేతిలో ఉందన్నదాంట్లో ఉంది.

'పెరిఫెరీ' అని ఇంకోటి. గ్రీకులో దాని అర్థం చుట్టూ మోసుకు తిరగడం. అది మాత్రం నిజం. ఈ దేశాన్ని మోస్తున్నది మనమే కదా! 'ఫ్రింజ్' అంటే బట్ట కొసన వేలాడే పోగులు. అవెక్కణ్ణించొస్తాయో మగ్గం నేసిన మన మాల తాతలకు తెలుసు. అవి బయటినుంచి తెచ్చి అతికించినవి కావు, బట్ట నడుమగుండా వచ్చిన పడుగు పోగులే. పడుగు తీసేస్తే బట్టే లేదు.

మనవాళ్ళ పేరే ఇంగ్లీషులో తిట్టయిన సంగతి మర్చిపోవద్దు. తమిళనాట పఱై అనే డప్పు పేరుతో పిలిచే పఱయర్ కులం పేరు 17వ శతాబ్దంలో ఇంగ్లీషులో చేరి 'పరయా' అయింది. తర్వాత ఎవరూ దగ్గరికి రానివ్వని వాళ్ళందరికీ, ఊరకుక్కలక్కూడా అదే పేరు పెట్టారు. 'అవుట్‌కాస్ట్' సంగతీ అంతే. విసిరేయడం అనే అర్థమున్న పాత నార్స్ మాట ఒకటి. వంశం, జాతి అనే అర్థంతో పోర్చుగీసువాళ్ళు తెచ్చిన 'కాస్తా' ఇంకొకటి. రెండింటికీ చుట్టరికం లేదు. కానీ ఈ దేశానికొచ్చేసరికి రెండూ ఒకే చోట కలిశాయి. కులం పేరుతో విసిరేసిన మనుషుల దగ్గర!

మరి ప్రభుత్వం ఇచ్చిన పేరు? 'షెడ్యూల్' అంటే మొదట్లో పత్రానికి తగిలించిన చీటీ. 1935 చట్టంతో మనం షెడ్యూల్డు కులాలమయ్యాం. అంతకుముందు 'డిప్రెస్డ్ క్లాసెస్', అణగిపోయినవాళ్ళు. ఆ పేరు మాకొద్దు మార్చండని 1931లోనే రౌండ్ టేబుల్ సమావేశానికి అంబేద్కర్, రెట్టమలై శ్రీనివాసన్ కలిసి రాసిచ్చారు. అంతకన్నా ముందు, 1917లో బెజవాడలో పంచమ మహాసభ అని పిలిచిన సభకు అధ్యక్షుడిగా వచ్చిన భాగ్యరెడ్డివర్మ ఆ పేరు చెల్లదన్నాడు. మనం ఐదోవాళ్ళం కాదు, ఈ నేలకు మొదటివాళ్ళం, ఆది ఆంధ్రులం అన్నాడు. పేరు కోసం మన పెద్దలు ఇంత కొట్లాడింది ఇప్పుడెవడో తెచ్చిన 'మార్జిన్' కింద తలదూర్చడానికా?

లెక్కలైనా చూడండి. హెక్టారు లోపు, అంటే రెండున్నర ఎకరాల లోపు కమతాన్ని సర్కారు 'మార్జినల్' అంటుంది. 2015-16 వ్యవసాయ లెక్కల ప్రకారం దేశంలో నూటికి 68 కమతాలు అలాంటివే. నూటికి 68 అంచట, మిగతా 32 నడుమట! ఇదే అంచయితే కాగితమేదీ? ఏడాదిలో ఆర్నెల్లు పని దొరకని మనిషిని జనాభా లెక్కల్లో 'మార్జినల్ వర్కర్' అని రాస్తారు. పని ఇవ్వనోడి పేరు ఏ కాలమ్‌లోనూ ఉండదు.

అందర్నీ కలిపే మాట కదా, ఐక్యత కోసం వాడుకుంటే తప్పేంటని కొందరు మిత్రులు అడుగుతారు. ఐక్యత మాకూ కావాలి. ఆదివాసులతో, ముస్లింలతో, అన్ని కులాల ఆడవాళ్ళతో కావాలి. కానీ ఆదివాసి అడవి గుంజుకున్న చెయ్యి వేరు, మన వాడమీద పడ్డ చెయ్యి వేరు. ఒక్కో చేతినీ పేరుపెట్టి చూపిస్తే ఐక్యతొస్తుంది. అన్ని చేతుల్నీ దాచిపెడితే వచ్చేది సెమినార్ ఒక్కటే.

1989 అత్యాచారాల నిరోధక చట్టం చదవండి. నేరాల జాబితా ఎలా మొదలవుతుంది? షెడ్యూల్డు కులం, తెగ కాని ఏ వ్యక్తయినా అని మొదలవుతుంది. అక్కడ కర్త ఉన్నాడు. కారంచేడు, చుండూరు రక్తం చూసిన దేశంలో మన పోరాటాలు సాధించుకున్న వాక్యం అది. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపింది కమ్మ భూస్వాములు. చెరువు నీళ్ళు పాడుచేయొద్దన్నందుకు మొదలైన దాడి అది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమందిని నరికి గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. ప్రత్యేక కోర్టు 2007లో శిక్ష వేసినవాళ్ళందర్నీ 2014లో హైకోర్టు వదిలేసింది. ఎనిమిదిమంది 'చంపబడ్డారు', చంపినోడు లేడు! 'బడు' ఎంత ప్రమాదమో ఇంకా చెప్పాలా?

2018లో కేంద్ర సమాచార ప్రసార శాఖ 'దళిత్' అనే మాట వాడొద్దని టీవీ ఛానళ్ళకు సలహా పంపింది. 'మార్జినలైజ్డ్' అనొద్దని మాత్రం ఎవరికీ సలహా పంపలేదు. ఎందుకంటే ఆ మాట ఎవర్నీ కుట్టదు. 2016 జనవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్శిటీలో హాస్టల్ నుంచి గెంటేసిన రోహిత్ వేముల, ఆయన మిత్రులు బయట వేసుకున్న గుడారానికి ఏం పేరు పెట్టారు? 'వెలివాడ'. ఆ పేరు వినగానే, వెలివేసిందెవరన్న ప్రశ్న దేశమంతా లేచింది.

కనుక చదువుకుంటున్న తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! మీ థీసిస్‌లో, మీ అర్జీలో, మీ పోలీసు ఫిర్యాదులో ఆ మాట రాసేముందు ఆగండి. నెట్టబడ్డాం అని రాయకండి. ఏ ఊళ్ళో, ఏ తారీఖున, ఏ కులపోడు, ఎవర్ని, ఏ జాగానుంచి నెట్టాడో రాయండి. మార్జిన్‌లో కాదు, కాగితం నట్టనడుమ రాయండి.

జై భీమ్!