జిల్లాలు మారినవి, దస్తరాలు ఎక్కడ?

2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లోని 13 జిల్లాలు 26 అయినవి. అంతకు ముందే 2016లో తెలంగాణలోని 10 జిల్లాలు 31గా చీలి, 2019 నాటికి 33 అయినవి. కచేరీలు ప్రజలకు చేరువయినవి గనుక సంతోషించవలసినదే. కాని తాతముత్తాతల పుట్టుపూర్వోత్తరాలు వెదకుకొనే వారికి ఈ విభజన కొత్త చిక్కు తెచ్చిపెట్టినది. ఊరు కదలలేదు, దాని చిరునామా మాత్రం మారినది.

వేటపాలెం సంగతే చూడండి. 1859లో గుంటూరు జిల్లా రద్దు కాగా బాపట్ల ప్రాంతంతో పాటు కృష్ణా జిల్లాలో కలిసినది. 1904లో గుంటూరు జిల్లా మళ్ళీ ఏర్పడినప్పుడు అందులోనికి వచ్చినది. 1970లో ఒంగోలు ముఖ్యపట్టణంగా వెలసి, తరువాత ప్రకాశం పేరు పొందిన జిల్లాకు పోయినది. 2022 నుండి బాపట్ల జిల్లాలోనిది. ఆ ఊరి కుటుంబమొకటి ముత్తాత అనుభవించిన భూమి వివరం కావాలనుకొంటే మచిలీపట్నం పోవలెనా, గుంటూరా, ఒంగోలా, బాపట్లా? కాగితం పుట్టిన ఏడు ఏదో తెలిసికొని, ఆనాటి జిల్లా, తాలూకాల పేరుతో వెదకడమే మార్గం. నేటి జిల్లా పేరు చెప్పి అడిగినవాడికి గుమాస్తా తల అడ్డంగా ఊపితే అది అతని తప్పు కాదు.

1953కు పూర్వపు కోస్తా, రాయలసీమల దస్తరాలలో అధికభాగానికి మూలస్థానం చెన్నపట్నం. ఎగ్మూరులోని పాత రికార్డు ఆఫీసే నేటి తమిళనాడు పురాలేఖశాల. నిజాము రాజ్యపు కాగితాలకు హైదరాబాదులోని తార్నాక. అక్కడ పారశీకం, ఉర్దూ రానివాడు తోడు వెంటబెట్టుకొని పోవలసినదే.

వంశక్రమం తెలిసికొనగోరే వారికి 1858లో మదరాసు ప్రభుత్వం నెలకొల్పిన ఇనాం కమిషను రిజిస్టర్లు పెన్నిధి వంటివి. మొదట ఇనాం పొందినదెవరు, అప్పటి అనుభవదారు ఎవరు, అతని వయస్సెంత, ఇవన్నీ వాటిలో దొరుకుతవి. సబ్ రిజిస్ట్రారు కచేరీలోని దస్తావేజులు కూడా తక్కువవి కావు. అమ్మినవాని, కొన్నవాని తండ్రుల పేర్లే కాక, చెక్కుబందీలో ఇరుగుపొరుగు రైతుల పేర్లూ ఉంటవి. మన తాత పేరు పరుల దస్తావేజులో తూర్పు హద్దుగా కనిపించడం అరుదు కాదు.

అయితే ఇవన్నీ భూమి ఉన్నవారి చరిత్రలు. సెంటు నేల లేని పాలేరు పేరు ఏ ఇనాం రిజిస్టరులో ఉన్నది? విచిత్రమేమనగా, ఊరు విడిచి ఓడ ఎక్కిన కూలీకి ఈ లోటు లేదు. 1860 నుండి 1911 వరకు నాటాలుకు ఒప్పందపు కూలీలుగా పోయిన లక్షన్నరకు పైగా జనంలో తెలుగువారు అనేకులు. వారి పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, ఊరు, జిల్లా ఓడల జాబితాలకెక్కినవి. వారి మునిమనుమలు డర్బనులో కూర్చుండి పూర్వుల గ్రామం పేరు చదువుకొనగలరు. ఊళ్ళోనే ఉండిపోయిన తమ్ముని సంతతికి ఆ భాగ్యం లేదు.

జనాభా లెక్కలు ఈ కొరత తీర్చవలసినవి. ఇంగ్లండులో 1921 నాటి లెక్కల పత్రాలు నూరేండ్లు నిండగానే, 2022లో, ప్రజలకు అందినవి. మన 1948 జనగణన చట్టం వ్యక్తుల వివరాలను ఎవరి తనిఖీకీ ఇవ్వదు. బ్రతికి ఉన్నవారి గుట్టు కాపాడడం న్యాయమే. నూరేండ్ల క్రిందటి మృతుల విషయంలో కూడా ఈ బిగువు ఎందుకో బోధపడదు.

ఇక గ్రంథాలయాలు. 1918లో వెలసిన వేటపాలెం సారస్వత నికేతనానికి పరిశోధకులు దూరప్రాంతాల నుండి వస్తూ ఉంటారు. అక్కడి పాత పత్రికల సంపుటాలే అందుకు కారణం. కచేరీ కాగితం చెప్పని ఊరి ముచ్చట్లు ఆ పుటలలో తారసిల్లవచ్చును. సంపుటాలు మాత్రం ఏటేటా పెళుసెక్కుచున్నవి.

కొత్త జిల్లాల కలెక్టర్లు చేయదగిన చిన్న పని ఒకటున్నది. పాత జిల్లా నుండి ఏ తాలూకాకు ఏ యేటి దస్తరాలు తమకు చేరినవో, ఏవి అక్కడే మిగిలినవో ఒక పట్టీ వ్రాయించి కచేరీ గోడకు అంటిస్తే చాలును. దానికి కావలసినవి రెండు మూడు ఠావుల కాగితాలు, నెల్లాళ్ళపాటు ఒక గుమాస్తా.