ఇంటిగుట్టు - పత్రికాధర్మం

"ఇంటిగుట్టు లంకకు చేటు" అన్నారు పెద్దలు. ఊరందరి గుట్టూ వెలికితీయడమే వృత్తిగా గల పత్రికకు ఈ సామెత ఎంతవరకు వర్తిస్తుంది?

2022 జూన్‌లో అమెరికాలోని వాషింగ్టన్ పోస్ట్ విలేకరి డేవిడ్ వైగెల్ స్త్రీలను కించపరిచే ఒక పరిహాసోక్తిని ట్విట్టర్‌లో పంచుకున్నారు. సహోద్యోగిని ఫెలీషియా సోన్మెజ్ దానిని బహిరంగంగా ఖండించారు. ఆయన క్షమాపణ చెప్పుకున్నా, యాజమాన్యం నెల రోజులు జీతం లేకుండా సస్పెండ్ చేసింది. ఆమె విమర్శ కొనసాగించగా, అవిధేయత, సహోద్యోగులను నలుగురిలో నిందించడం అనే ఆరోపణలతో ఉద్యోగం నుండే తొలగించింది.

తోటివారిని రచ్చకీడ్చడం మర్యాద కాదు, నిజమే. కాని తప్పు చేసినవారికి నెల శిక్ష, దానిని ఎత్తిచూపినవారికి ఉద్వాసన న్యాయమనిపించుకోదు. లోపల ఆలకించే చెవి ఉన్నచోట ఫిర్యాదు వీధికెక్కడం అరుదు. విద్యార్థులారా, అధికారం మీ చేతికి వచ్చిననాడు మొదట మొర వినే ఏర్పాటు చేయండి.