ఎర్ర మూత డబ్బాలు కొనకండి, పాకం పట్టండి

ఈ వారం వ్యాకరణం లేదు. ఈ వారం కొంచెం పోట్లాడాలని ఉంది.

నవంబరు రాగానే మనలాంటి తెలుగు నేర్చుకునేవాళ్ళ మధ్య ఒక మాట మొదలవుతుంది. "క్రిస్మస్ పనులున్నాయి, జనవరి దాకా తెలుగు ఆపేస్తున్నాను" అని. ప్రతి ఏడూ వింటున్నాను. పండగ కోసం తెలుగు ఆపడం ఏమిటండీ? ఏడాది మొత్తంలో తెలుగుకు ఇంట్లో నిజమైన పని దొరికేది ఆ నాలుగు వారాల్లోనే కదా! వంటింట్లో అమ్మమ్మ ఉంటుంది, అత్తయ్యలు వస్తారు, పిల్లలు కాళ్ళకు అడ్డం పడుతుంటారు, అందరి చేతులూ ఖాళీ లేకుండా ఉంటాయి. ఇంతకంటే మంచి తరగతి గది ఎక్కడుంది?

అందుకే నా వాదన ఇది. క్రిస్మస్ ఇంట్లోనే, చేత్తోనే, చేతనైనంత పెద్దగా చెయ్యండి. పిండివంటలు, నక్షత్రం, పశువుల పాక, ముగ్గు, అన్నీ. మొదటి చీటీ నుంచి తెలుగులో రాసుకోండి. మాల్‌లో కొన్న పండగ మనకు వద్దు.

ఎందుకు వద్దంటే, కొన్న పండగలో క్రియలు లేవు. ఎర్ర మూత ప్లాస్టిక్ బలాంగ్‌లో బిస్కెట్లు తెచ్చారనుకోండి. కొను, తెరువు, తిను. అంతే, తెలుగు అయిపోయింది. ఇప్పుడు అరిసెలు చేసి చూడండి. బియ్యం కడగాలి, నానబెట్టాలి, వడకట్టాలి, గుడ్డ మీద కాసేపు ఆరబెట్టాలి. తడి పూర్తిగా పోకముందే దంచాలి, లేదా మిక్సీలో ఆడించాలి. పిండి జల్లించాలి. బెల్లం తరగాలి, కరిగించాలి, పాకం పట్టాలి. పిండి కొంచెం కొంచెంగా పోస్తూ కలియబెట్టాలి. ఉండలు చెయ్యాలి, నువ్వులు అద్దాలి, అరిటాకు మీద తట్టాలి, నూనెలో వేయించాలి, తిప్పాలి, తీయాలి, రెండు గరిటెల మధ్య పెట్టి నూనె పోయేలా ఒత్తాలి. ఒక్క వంటకు 15కు పైనే క్రియలు! ఏ పాఠ్యపుస్తకం ఒక మధ్యాహ్నంలో మీకు ఇన్ని ఇస్తుంది? ఇచ్చినా గుర్తుంటాయా? పాకం ముదిరితే అరిసె రాయి అవుతుంది. అందుకే "ముదిరింది" అనే మాట ఒకసారి వంటింట్లో వింటే చచ్చేదాకా మర్చిపోరు.

పాకం గురించి ఇంకొంచెం చెప్పనివ్వండి, నాకు ఇష్టమైన చోటు అది. గిన్నెలో చల్లటి నీళ్ళు పెట్టుకుంటారు. మరుగుతున్న పాకం ఒక చుక్క అందులో వేస్తారు. అది కరిగిపోతే ఇంకా రాలేదు. వేళ్ళతో తీస్తే మెత్తటి ఉండ అయితే వచ్చింది. దాని పేరు ఉండపాకం. "పాకం వచ్చిందా?" "ఇంకా రాలేదు." "వచ్చింది, దించు!" చూడండి, పాకం వస్తుంది. మనిషి వచ్చినట్టు, వాన వచ్చినట్టు, భాష వచ్చినట్టు. "నీకు తెలుగు వచ్చా?" అని అడుగుతారు కదా, అదే "వచ్చు". ఆ క్రియ నాకు స్టవ్ దగ్గరే అర్థమైంది.

ఇప్పుడు అభ్యంతరాలు. మొదటిది నాకు ఒక తెలుగు తరగతిలో ఎదురైంది. ఉగాది మీద అందరూ రాశారు, నేను క్రిస్మస్ మీద రాశాను. "బాగుంది గానీ, ఇది మన తెలుగు పండగ కాదు కదా" అన్నారు. మర్యాదగానే అన్నారు. మలేషియాలో తెలుగువాళ్ళే కొద్దిమంది, వాళ్ళలో క్రైస్తవులు మరీ కొద్దిమంది, కాబట్టి ఆ మాట ఎందుకొచ్చిందో నాకు తెలుసు. అయినా ఒప్పుకోను.

మనలో చాలామంది తాతముత్తాతలు విశాఖపట్నం, శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చారు. అదే విశాఖపట్నానికి 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, ఆగస్టస్ డే గ్రాంజెస్ అనే ఇద్దరు వచ్చారు. వచ్చి ఏం చేశారు? మనలాగే కూర్చుని తెలుగు నేర్చుకున్నారు. ఆనందరాయర్ అనే ఆయన సాయంతో సువార్తలు తెలుగులోకి తెచ్చారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో అచ్చయ్యాయి. పశువుల తొట్టితో సహా ఉన్న క్రిస్మస్ కథ లూకాలోనే ఉంది. అంటే ఆ కథ తెలుగులో అచ్చయి 200 ఏళ్ళు దాటింది. పర్లాకిమిడి వైపు పుట్టిన పురుషోత్తమ చౌదరి (1803-1890) తెలుగులో క్రైస్తవ కీర్తనలు రాశారు, అవి ఇప్పటికీ చర్చిల్లో పాడుతున్నారు. తెలంగాణలో మెదక్ చర్చిని 1924లో సరిగ్గా క్రిస్మస్ రోజునే ప్రారంభించారు. ఆంధ్రలో డిసెంబరు మొదలైతే ప్రతి వీధిలో "సెమీ క్రిస్మస్" అంటారు. పండగకు ముందు జరిగే పండగ అన్నమాట. సగం ఇంగ్లీషు మాటే అయినా, అలా వాడేది తెలుగువాళ్ళే. దీన్ని తెలుగు కాదంటే ఇక నేను దేన్ని తెలుగు అనుకోవాలి?

ముగ్గు సంగతి చూడండి. డిసెంబరు మధ్యలో ధనుర్మాసం వస్తుంది. ఊళ్ళలో హిందువుల ఇళ్ళ ముందు పెద్ద ముగ్గులు పడతాయి. పక్కనే క్రైస్తవుల వాకిట్లోనూ ముగ్గు పడుతుంది, మధ్యలో నక్షత్రం ఉంటుంది. రెండు ఇళ్ళ ముందూ చుక్కలు, గీతలే. చుక్కలు పెట్టు, కలుపు, దిద్దు, రంగు నింపు. ఈ క్రియలకు మతం లేదు.

రెండో అభ్యంతరం దీనికంటే గట్టిది. అది మా అమ్మది. "మీ తెలుగు కోసం నా నడుము విరగాలా?" అని అడిగింది. దీనికి జవాబు చెప్పకుండా పిండివంటల మీద కవిత్వం చెప్పేవాళ్ళంటే నాకు కోపం. ఇంటి పండగ అంటే ఇన్నాళ్ళూ ఏమిటి? ఆడవాళ్ళు మూడు రోజులు పొయ్యి దగ్గర, మగవాళ్ళు ముందు గదిలో. 25న ఓపెన్ హౌస్ అంటూ అందరూ వచ్చి తింటారు, వండినవాళ్ళు మాత్రం నిలబడే తింటారు. అలాంటి పండగ తిరిగి రావాలని నేను అడగడం లేదు. అది ఎంత తెలుగైనా సరే, నాకు వద్దు.

పైగా భాష నేర్చుకోవడానికి కూడా అది పనికిరాదు. ఒక్కరే చేస్తే ఎవరూ మాట్లాడరు. పని పంచితేనే మాట పుడుతుంది. మా ఇంట్లో రెండేళ్ళుగా ఒక నియమం పెట్టాం. తినేవాళ్ళందరికీ పని ఉంటుంది. అరిసెలు ఒత్తేది మావయ్య, ఎందుకంటే దానికి చేతి బలం కావాలి. గవ్వలు చుట్టేది పిల్లలు. జంతికల గొట్టం తిప్పేది నాన్న. ఇలా చేస్తే నేర్చుకునేవాళ్ళకు ఒక లాభం ఉంది. పెద్దవాళ్ళు మనతో "కలుపు, ఆపు, అందుకో" అంటారు. మనం వాళ్ళతో "ఇటు ఇవ్వండి, ఒకసారి చూడండి, చాలా?" అంటాం. ఎవరితో ఎలా మాట్లాడాలో పుస్తకంలో పట్టికగా ఉంటుంది, చదివితే నిద్ర వస్తుంది. కాగుతున్న నూనె పక్కన ఆ పట్టిక అక్కర్లేదు.

మా అమ్మమ్మ సంగతి కూడా చెప్పాలి. ఆవిడ పేరాక్‌లో, బాగాన్ దాతుక్ వైపు కొబ్బరి ఎస్టేటులో పెరిగింది. వయసు 80 దాటింది. కుర్చీలో కూర్చోబెట్టి "అమ్మమ్మా, దీన్ని తెలుగులో ఏమంటారు?" అని ఫోన్ ముందు పెడితే "ఏమో, గుర్తులేదు" అంటుంది. అదే చేతికి పిండి ఇస్తే మాటలు వాటంతట అవే వస్తాయి. పోయిన ఏడు నేను చలిమిడిని అదే పనిగా పిసుకుతుంటే "ఇంక ఒగ్గెయ్" అంది. ఒగ్గెయ్! వదిలెయ్ అని. ఉత్తరాంధ్ర మాట. నేను కొన్న ఏ పుస్తకంలోనూ లేదు. ఆ రోజే "పాకుండలు" అనే మాట కూడా దొరికింది. అదే చలిమిడిలో కొబ్బరి ముక్కలు వేసి, తట్టకుండా ఉండలుగానే వేయిస్తే పాకుండలు. ఆ మాటలు ఆవిడ చేతుల్లో ఉన్నాయి. ఇంకెన్ని డిసెంబర్లు ఉంటాయో లెక్కపెట్టుకోండి, మీ ఇంట్లోనూ.

ఎస్టేట్లలో ఒకప్పుడు తెలుగు బడులు ఉండేవి, ఇప్పుడు లేవు. 1955లో పుట్టిన సంఘం ఇప్పుడు మలేషియా తెలుగు సంఘంగా తన పని చేస్తోంది, వాళ్ళకు నా నమస్కారం. 1981లో రెండో ప్రపంచ తెలుగు మహాసభలు మన కౌలాలంపూర్‌లోనే జరిగాయి. కానీ "ఒగ్గెయ్" ఏ సభ వేదిక మీద నుంచీ మా ఇంటికి రాదు.

మూడో అభ్యంతరం చిన్నది. "ఇక్కడ అసలైన బెల్లం ఎక్కడ, చలి ఎక్కడ, ఇది అసలు అరిసె అవుతుందా?" అంటారు కొందరు. బెల్లం లిటిల్ ఇండియాలో దొరుకుతుంది. దొరకకపోతే గులా మెలాకా వాడండి. రంగు ముదురుగా ఉంటుంది, కొంచెం పొగ వాసన ఉంటుంది, నాకైతే అదే ఇష్టం. కుయెహ్ రోస్ అని మనం చిన్నప్పటి నుంచి తింటున్నది ఆంధ్రలో గులాబీ పువ్వులు. బియ్యప్పిండి, కొబ్బరిపాలు, గుడ్డు, పంచదార, వేడి అచ్చు. అచ్చును పిండిలో పూర్తిగా ముంచకూడదు, పై అంచు బయటే ఉండాలి. లేకపోతే పువ్వు అచ్చును వదలదు. సముద్రం ఒడ్డున కనిపించే పొకొక్ రు మన సరుగుడు చెట్టే. మాల్‌లోని ప్లాస్టిక్ పైన్ చెట్టు కంటే అది మనకు దగ్గర చుట్టం. మెలాకా పోర్చుగీస్ పేటలో క్రిస్మస్‌కు కరీ దెబాల్ వండుతారు, యురేషియన్ ఇళ్ళలో సుగీ కేక్ చేస్తారు. ఆ సుగీ మన సూజీ రవ్వే. పలావు పక్కన దెబాల్ పెట్టుకుంటే తెలుగు తగ్గిపోదు, పలావు బాగుంటుంది.

ఒక్క చోట మాత్రం నేను మొండిగా ఉంటాను. నక్షత్రం కొనకూడదు. నాలుగు రింగిట్‌లకు బ్యాటరీ నక్షత్రం దొరుకుతుందని నాకూ తెలుసు. వెదురు బద్దలు చీల్చండి, రెండు నక్షత్రాలు కట్టండి, ఒకదానిమీద ఒకటి పెట్టి మధ్యలో చిన్న పుల్లలు నిలబెట్టి ఉబ్బేలా చెయ్యండి. మైదా ఉడికించి జిగురు చెయ్యండి, రంగు కాగితం అతికించండి, లోపల బల్బు పెట్టండి. మన సాయంత్రం వానకు కాగితం తడుస్తుంది కాబట్టి చూరు కింద కట్టండి. చీల్చు, కట్టు, ఉడికించు, అతికించు, వేలాడదీయి. వంట చేయనని చెప్పే మీ తమ్ముళ్ళకు ఇది ఇవ్వండి, తప్పించుకోలేరు.

ఈ ఏడు మా చీటీ ఇలా ఉంది. నవంబరు చివరి ఆదివారం నక్షత్రం. డిసెంబరు మొదటి వారం గవ్వలు, జంతికలు, ఇవి గాలి తగలని డబ్బాలో నిలవుంటాయి. ఇక్కడి తేమకు మూత తెరిచి పెడితే సాయంత్రానికి మెత్తబడతాయి. రెండో వారం కొబ్బరాకుల తోరణాలు తప్ప మిగిలిన అలంకరణ అంతా, పశువుల పాకతో సహా. ఆకులు త్వరగా వాడిపోతాయి కాబట్టి అవి 24న. 20, 21 తేదీల్లో అరిసెలు, పాకుండలు. గులాబీ పువ్వులు 23న.

చీటీలో ఒక్కటే మిగిలింది, గులాబీ అచ్చు. కొత్తగా దొరికేవి పల్చగా ఉన్నాయి, వేడి నిలవడం లేదు. క్లాంగ్ చుట్టుపక్కల ఎవరి అమ్మమ్మగారి దగ్గరైనా పాత ఇత్తడి అచ్చు ఉంటే డిసెంబరు 10 లోపు చెప్పండి. వచ్చి తీసుకెళ్తాను. తిరిగి ఇచ్చేటప్పుడు డబ్బా నిండా పువ్వులతో ఇస్తాను. అడిగేది మాత్రం తెలుగులోనే అడుగుతాను, ఆవిడనూ తెలుగులోనే జవాబు చెప్పమనండి.