అర గ్రాము బాటసారి

పిల్లలూ! సెప్టెంబరులో మీ పెరట్లో నారింజ రంగు రెక్కల మీద నల్లటి గీతలున్న సీతాకోకచిలుక వాలితే, అది బహుశా మోనార్క్. బరువు సుమారు అర గ్రాము. రాకీ పర్వతాలకు తూర్పున ఉండే మోనార్కులు చలికాలానికి మెక్సికో కొండల మీదికి వెళతాయి. కెనడా నుంచి బయలుదేరినవయితే దాదాపు 3,000 మైళ్ళు ఎగరాలి! అవి అక్కడికే వెళుతున్నాయని 1975లో గాని శాస్త్రజ్ఞులకు తెలియలేదు.

ఇంత దూరానికి ఇంధనం ఏమిటి? కొవ్వు! తేనెటీగ తీపితోనే ఎగురుతుంది; దానికి గూడు దగ్గరే కదా. కానీ ఒక గ్రాము చక్కెర 4 కిలోకాలరీల శక్తినిస్తే, గ్రాము కొవ్వు 9 ఇస్తుంది. అందుకే మోనార్క్ దారిపొడవునా పూల తేనె తాగి, దాన్ని కొవ్వుగా మార్చి పొట్టలో దాచుకుంటుంది.

అయితే కొవ్వు ఉంటే సరిపోదు, దాన్ని వాడుకోగల కండరం కూడా ఉండాలి. ఈ సంగతిని మిడతలలో బాగా పరిశోధించారు. చివరి కుబుసం విడిచి రెక్కలు వచ్చిన మిడత ఆ రోజే దూరప్రయాణం చేయలేదు. తరువాతి రోజుల్లో దాని రెక్కల కండరాలు బలపడతాయి, కొవ్వును కండరం లోపలికి చేరవేసే ఒక ప్రోటీను తయారవుతుంది. అలా ఎదిగిన మిడత మొదట చక్కెరతో ఎగిరి, అరగంట గడిచేసరికి ఎక్కువగా కొవ్వు మీద ఆధారపడుతుంది, హైబ్రిడ్ కారు బ్యాటరీ నుంచి గ్యాసుకు మారినట్లు! మిడతల దండు అంతంత దూరాలు పోగలిగేది ఇందువల్లే.

మోనార్క్ కొవ్వుకు ఇంకో పని కూడా ఉంది. నవంబరు నుంచి మార్చి దాకా మెక్సికోలో దానికి తిండి దాదాపు దొరకదు. దాచుకున్న కొవ్వుతోనే బతికి, వసంతంలో తిరిగి అమెరికా దక్షిణ రాష్ట్రాలకు వచ్చి గుడ్లు పెట్టాలి. మళ్ళీ కెనడా చేరేది దాని మనుమలు, మునిమనుమలే.

తల్లిదండ్రులకు ఒక మాట. పచ్చటి లాన్ మన కంటికి ముచ్చటే గాని, ఈ బాటసారికి అందులో చుక్క తేనె దొరకదు. పెరట్లో ఒక మూల మీ ప్రాంతానికి చెందిన మిల్క్‌వీడ్ వేయండి. మన జిల్లేడుకు చుట్టమే అది. మోనార్క్ గొంగళిపురుగు దాని ఆకులే తింటుంది. పక్కనే శరదృతువులో పూసే ఆస్టర్, గోల్డెన్‌రాడ్ మొక్కలు నాటండి, పురుగుమందు చల్లకండి. మొక్కలు కొనేటప్పుడు పురుగుమందు వాడారేమో నర్సరీలో అడిగే బాధ్యత మాత్రం పిల్లలకు అప్పగించండి!