కొంగ గూడుకీ వరి మడికీ ఒకటే నీరు

మొన్నీమధ్య సంఘం పని మీద హైదరాబాద్ వచ్చాను. అమీర్‌పేటలో బస్సు దిగి పంజాగుట్ట వెళ్లాలి. దిగానో లేదో గట్టి వాన పట్టుకుంది. గంటసేపు మెట్రో స్టేషన్ కింద నిలబడిపోయాను. రోడ్డు మీద మోకాలి లోతు నీళ్లు. కోచింగ్ సెంటర్ల పిల్లలు చెప్పులు చేత్తో పట్టుకుని, ప్యాంట్లు పైకి మడుచుకుని నడుస్తున్నారు. ఊళ్లో చెరువు కింద పుట్టి పెరిగినవాణ్ణి కాబట్టి నాకు ఒకటే అనిపించింది. ఇవి దారి తప్పిన నీళ్లు. వీటికి ఒకప్పుడు వెళ్లడానికి చోటుండేది.

అమీర్‌పేట, పంజాగుట్ట హుస్సేన్‌సాగర్‌కు నీరు దిగే పల్లంలో ఉన్నాయి. కూకట్‌పల్లి, బంజారా, బల్కాపూర్, పికెట్ నాలాలు నాలుగూ ఆ చెరువులోకే పోతాయి. ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న మాసబ్‌ ట్యాంక్ పేరులో చెరువు మిగిలింది, నేల మీద లేదు. యూసుఫ్‌గూడ చెరువు చోట ఇప్పుడు పార్కు ఉంది. 2000 ఆగస్టులో, మళ్లీ 2020 అక్టోబరులో ఈ నగరం మునిగినప్పుడు నీళ్లు తమ పాత చోటు వెతుక్కున్నాయి. ఆ చోట్లో జనం కాపురాలున్నాయి.

వాన తగ్గాక నడుస్తుంటే నాలా గట్టున ఒక తెల్లకొంగ ఒంటికాలి మీద నిలబడి కనిపించింది. కింద నల్లటి మురుగు. ఆ కొంగ ఇక్కడ తిండి కోసం నిలబడగలదు గానీ, పది కొంగలు కలిసి గూళ్లు కట్టి పిల్లల్ని పెంచగల చోటు ఇది కాదు. ఈ నెల సంపాదకీయం ఆ గూళ్ల గురించే. గిట్టుబాటు ధర, కరెంటు, ఎరువుల కొరత ఇన్ని ఉండగా రైతు సంఘం పత్రికలో పక్షుల ముచ్చటేమిటని కొందరు అడగొచ్చు. చివరిదాకా చదవమని మనవి.

ముందు ఒక అపోహ. మన ఊళ్లకు గుంపులుగా వచ్చి చెట్ల మీద గూళ్లు కట్టే పెద్ద కొంగల్ని, గూడబాతుల్ని చాలామంది సైబీరియా పక్షులంటారు. కాదు. అవి మన దేశం పక్షులే. సైబీరియా వైపు నుంచి వచ్చేవి చలికాలం ఇక్కడ గడిపి, గుడ్లు పెట్టడానికి తిరిగి అక్కడికే పోతాయి. ఇక్కడ గూడు కట్టే పక్షి ఇక్కడి వానను నమ్ముకున్న పక్షి, మనలాగే.

అవి వానను ఎంతగా నమ్ముకున్నాయో నాలుగు ఊళ్లు చూస్తే తెలుస్తుంది. శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి నత్తలు తినే కొంగలు జూన్‌లో, తొలకరితో వస్తాయి. అదే జిల్లా టెక్కలి దగ్గర తేలినీలాపురానికి గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో చేరతాయి. ఈశాన్య రుతుపవనాల మీద బతికే నేలపట్టులో గూళ్లు ఆ వానలు పడ్డాకే లేస్తాయి. సత్యసాయి జిల్లా చిలమత్తూరు మండలం వీరాపురానికి ఎర్రకాళ్ల కొంగలు సంక్రాంతి దాటే రోజుల్లో వచ్చి ఊళ్లో చింతచెట్ల మీద కాపురం పెడతాయి. ఎర్రకాళ్ల కొంగ ఎక్కడైనా ఒకటే పక్షి. అయినా రాజస్థాన్ భరత్‌పూర్‌లో ఒక నెల, తేలినీలాపురంలో ఒక నెల, వీరాపురంలో ఇంకో నెల. దాని పంచాంగం గోడకు వేలాడేది కాదు. చెరువులో నీరు, నీటిలో చేప, ఇవే దాని తిథి నక్షత్రాలు.

ఇప్పుడు లెక్క చూడండి. గుడ్డు పొదగడానికి దాదాపు నెల. పిల్ల రెక్కలొచ్చి ఎగరడానికి రెండు మూడు నెలలు. మొత్తం కలిపితే సుమారు నాలుగు నెలలు చెరువులో నీరు నిలవాలి. నారుమడి నుంచి కోత దాకా మన వరికి కావలసిందీ ఇంచుమించు అంతే. కొంగ గూడు వేసిందంటే నాలుగు నెలల నీటి మీద పందెం కాసినట్టే. నారు పోసిన రైతు కాసేదీ అదే పందెం.

ఆ పందెం ఇప్పుడు చెడుతోంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమను పట్టుకోగలదు. అందుకే పడితే కుండపోత, లేకపోతే వారాల తరబడి ఎండ. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది. ఆ వెంటనే వచ్చిన ఆగస్టు 1901 తర్వాత దేశంలో అంతగా వాన లేని ఆగస్టు. ఏడాది మొత్తం వాన సగటుకు దగ్గరగా ఉందని కాగితం మీద రాసుకోవచ్చు. మడికి, గూడుకి ఆ సగటుతో పనిలేదు. అదును కావాలి.

అదును తప్పితే పక్షి ఏం చేస్తుంది? వాన సరిగా లేని ఏడు నత్తకొంగలు గూడు కట్టడమే మానేస్తాయి. భరత్‌పూర్‌లో ఎర్రకాళ్ల కొంగలు అలా మానేసిన ఏళ్లున్నాయి. నీళ్లుంటాయని నమ్మి గుడ్లు పెట్టాక చెరువు ఎండితే తల్లి మరీ దూరం పోయి మేత తేవాలి. కడుపు నిండని పిల్లలు గూళ్లలోనే చస్తాయి. తుఫాను వస్తే చెట్టే ఉండదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. తేలినీలాపురం పక్షుల చెట్లనూ ఆ గాలి వదల్లేదు. ఒక్క రాత్రిలో రైతు ముప్పై ఏళ్ల తోట పోయింది, పక్షి గూడు కట్టే కొమ్మ పోయింది.

పక్షికి ఒక వెసులుబాటుంది. ఊరు మారగలదు. 1946లో నీలకంఠన్ అనే పక్షి శాస్త్రజ్ఞుడు కొల్లేరు వైపు గూడబాతుల పెద్ద కాలనీని చూసి రాశారు. 1970ల నాటికి అక్కడ ఆ గూళ్లు లేవు. నేలపట్టులో పెరిగాయి, ఆ తర్వాత చాలా ఏళ్లకు కైకలూరు దగ్గర ఆటపాకలో ఇనుప స్టాండ్ల మీద మళ్లీ కాపురాలు లేచాయి. మనం అలా మారలేం. మన పట్టాదారు పాసుపుస్తకంలోని సర్వే నంబరుకు రెక్కలుండవు. అందుకే ఒక చెరువు మీదికి కొంగలు రావడం తగ్గితే అది మనకు ముందుగా వచ్చిన నోటీసు అనుకోవాలి.

అంతా వాతావరణం మీదికి నెట్టేసి చేతులు దులుపుకుంటే కూడా తప్పే. మాసబ్‌ చెరువును ఎండ మింగలేదు, మనుషులు మింగారు. 2021 చివర, 2022 మొదట్లో తేలినీలాపురంలో వందకు పైగా గూడబాతులు చనిపోయాయి. కడుపులో పరాన్నజీవి పురుగులున్నాయని పశువైద్యులు చెప్పారు. చుట్టుపక్కల చెరువుల్లో తిన్న చేపల నుంచే అవి వచ్చి ఉంటాయన్నారు. నీరు చెడితే నిండిన చెరువూ ఎండిన చెరువుతో సమానం.

అలాగని పక్షుల పేరు చెప్పి రైతును దొంగను చేస్తే సంఘం ఊరుకోదు. కొల్లేరు 1999లో అభయారణ్యం అయింది, 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో చెరువులు కొట్టించారు. పెద్ద పెట్టుబడి పెట్టినవాడు ఇంకోచోట చెరువు తవ్వుకున్నాడు. కాంటూరు లోపల జిరాయితీ భూమి ఉన్న చిన్న రైతు, వలే ఆధారమైన మత్స్యకారుడు మిగిలిపోయారు. పక్షిని కాపాడే ఖర్చు మొత్తం పేదవాడి నెత్తిన పెట్టిన చట్టం పక్షినీ కాపాడలేదు.

దీనికి వేరే దారి మన పక్కనే ఉంది. తమిళనాడు వేదాంతంగల్‌లో రైతులు పక్షుల్ని తరతరాలుగా కాపాడుకున్నారు. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీరు పొలానికి ఎరువని వాళ్లకు తెలుసు. తుపాకులతో వచ్చేవాళ్ల మీద ఫిర్యాదు చేసి, 1798లో చెంగల్పట్టు కలెక్టరు నుంచి కౌలు కాగితం రాయించుకున్నారు. అప్పటికి వన్యప్రాణి చట్టం లేదు, అటవీ శాఖ లేదు. ఆ చెరువుకు ఉన్న కావలి రైతే. వీరాపురంలోనూ అంతే. పురిటికి పుట్టింటికొచ్చిన ఆడబిడ్డల్లా కొంగల్ని చూసుకుంటారు. చింతపండు రాబడి పోయినా గూళ్లున్న చెట్టు జోలికి పోరు.

కాబట్టి సంఘం అడగవలసినవి ఇవి. మొదటిది, గూళ్లు ఉన్న చెరువులకు గొలుసుకట్టు కాలువలు, ఫీడర్ ఛానళ్లు ముందు బాగుచేయాలి. మిషన్ కాకతీయ 46 వేల పైచిలుకు చెరువుల లెక్క తీసింది. పూడిక తీస్తే సరిపోదు, ఆ చెరువుకు నీరొచ్చే దారి తెరిచి ఉండాలి. రెండోది, పూడిక తీసేటప్పుడు కట్ట మీద, మధ్య దిబ్బల మీద ఉన్న తుమ్మ, చింత చెట్లను కొట్టొద్దు. మూడోది, గూళ్లున్న చెట్ల యజమానులకు నష్టపోయిన రాబడి ఏటా లెక్కగట్టి ఇవ్వాలి. ఇది దానం కాదు, కూలి. నాలుగోది, ఏ చెరువునైనా నోటిఫై చేసే ముందు ఆయకట్టు రైతులతో, మత్స్యకారులతో గ్రామసభ జరగాలి.

మనం చేయవలసింది కూడా ఒకటుంది. ప్రతి గ్రామ కమిటీ ఒక నోటు పుస్తకం పెట్టండి. మొదటి వాన ఏ రోజు పడింది, చెరువు ఎప్పుడు అలుగు పోసింది, కొంగలు ఏ రోజు వచ్చాయి, ఎన్ని గూళ్లు లేచాయి, పిల్లలు ఎగిరాయా, చెరువు ఏ రోజు అడుగంటింది, ఇవి రాయండి. పదో తరగతి చదివే పిల్లవాడు కూడా రాయగలడు. ఐదేళ్లు రాస్తే అధికారుల ముందు పెట్టడానికి మన ఊరి వాన సాక్ష్యం మన చేతిలో ఉంటుంది. పంట నష్టం అడిగేటప్పుడు మండల సగటు చూపించి మన నోరు మూయించడం కష్టమవుతుంది.

ఆ రోజు పంజాగుట్ట చేరేసరికి రెండు గంటలు ఆలస్యమైంది. మీటింగు సగం అయిపోయింది. కోట్ల ధర పలికే నేల మీద, వాన నీటికి మాత్రం గజం చోటు లేదు. మన ఊళ్లలో ఇంకా ఉంది. సాయంత్రం ఒకసారి కట్ట ఎక్కి చెట్లమీదికి చూడండి. గూళ్లుంటే లెక్కపెట్టండి. లేకపోతే ఎందుకు లేవో వచ్చే గ్రామ కమిటీ మీటింగులో మొదటి అంశంగా పెట్టండి.