వెళ్ళే దారి ఉంది, తిరిగొచ్చే దారేదీ?

అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు పిల్లలకు ఈ దృశ్యం కొత్త కాదు. పొద్దుగూకాక కాలువగట్టు రోడ్డు మీద కొబ్బరికాయల లోడుతో ఒక ట్రాక్టరు పోతూ ఉంటుంది. ముందు దీపాలు కళ్ళు చెదిరేటట్లు వెలుగుతాయి. వెనక తగిలించిన తొట్టికి, అంటే మనవైపు అందరూ ట్రక్కు అనేదానికి, దీపం ఉండదు. ఉన్నా వెలగదు. వెలిగినా, గతుకు వచ్చినప్పుడు ఒకసారి మెరిసి ఆరిపోతుంది.

ట్రక్కు వెనక ఎర్రదీపాలు ఉండి తీరాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలు చెబుతున్నాయి. మరి ఇది పోలీసులు చూసుకోవలసిన సంగతి గదా, సైన్సు పత్రికలో ఎందుకని మీరు అడగవచ్చు. ఆ దీపం ఆరిపోవడానికి నిర్లక్ష్యం ఒక్కటే కారణం కాదు, విద్యుత్తు పాఠాన్ని మనం సగమే నేర్చుకోవడం కూడా కారణమని నా అభిప్రాయం.

మా బడిలో పదో తరగతి కుర్రవాడొకడు ఒక రాత్రి ట్యూషన్ నుంచి సైకిలు మీద ఇంటికి వస్తూ, రోడ్డు పక్కన ఆగి ఉన్న ట్రక్కుకు గుద్దుకున్నాడు. కుడిచెయ్యి విరిగింది. పబ్లిక్ పరీక్ష వేరే పిల్లవాడి చేత రాయించుకోవలసి వచ్చింది. ట్రక్కు యజమాని మంచివాడే. "మాస్టారూ, ఆ వారంలోనే రెండు బల్బులూ కొత్తవి వేయించానండీ" అని కన్నీళ్ళు పెట్టుకున్నాడు. వెళ్ళి చూశాను. బల్బులు నిజంగానే కొత్తవి. వాటి ఫిలమెంట్లు చక్కగా ఉన్నాయి. దీపం వెలగలేదు, అంతే.

విద్యుత్తు ప్రవహించాలంటే వలయం పూర్తి కావాలని మీరందరూ పరీక్షలో రాస్తారు. మరి ట్రక్కు దీపం దగ్గరకు వెళ్ళి చూడండి. ఒక్కో బల్బుకు ఒకటే తీగ కనిపిస్తుంది! తిరిగి వెళ్ళే రెండో తీగ ఏది? ట్రక్కు ఇనుప చట్రమే ఆ రెండో తీగ. బ్యాటరీ ధన ధ్రువం నుంచి తీగ గుండా వచ్చిన విద్యుత్తు, బల్బు దాటాక హోల్డరు లోహంలోకి, అక్కడి నుంచి చట్రంలోకి, హుక్కు గుండా గాని ప్లగ్గులోని ఒక పిన్ను గుండా గాని ట్రాక్టరు శరీరంలోకి, చివరకు బ్యాటరీ ఋణ ధ్రువానికి చేరుతుంది. మెకానిక్కులు దీనిని ఎర్తు అంటారు. ఆ మాట విని విద్యుత్తు నేలలోకి పోతుందనుకునే పిల్లలు ప్రతి సంవత్సరమూ నాకు తగులుతారు. రబ్బరు టైర్ల మీద నిలబడిన బండికి నేలతో ఏం సంబంధం? టెలిగ్రాఫుకు నిజంగానే నేలను తిరుగు తీగగా వాడవచ్చునని 1838లో జర్మనీలో స్టైన్‌హైల్ కనుగొన్నాడు. బండిలో ఆ పని ఇనుము చేస్తుంది.

ఇప్పుడు ఇనుము సంగతి. కోనసీమ గాలిలో ఉప్పు ఉంది. ఒక ప్రక్క సముద్రం, మరో ప్రక్క రొయ్యల చెరువులు. హోల్డరును చట్రానికి బిగించిన మర చుట్టూ తుప్పు పొర పేరుకుంటుంది. రాగి తీగ కొస పచ్చబడుతుంది. తుప్పు ఇనుములాగ విద్యుత్తును పోనివ్వదు. 12 వోల్టుల బ్యాటరీ మీద 21 వాట్ల బ్రేకు బల్బు 1.75 ఆంపియర్లు తీసుకుంటుంది, అంటే వెలిగేటప్పుడు దాని నిరోధం సుమారు 7 ఓములు. తుప్పు మరో 7 ఓములు అడ్డు వేసిందనుకోండి. వోల్టేజిలో సగం తుప్పే మింగుతుంది, బల్బుకు అందే సామర్థ్యం నాలుగో వంతుకు పడిపోతుంది. నిజానికి ఇంకా తక్కువే, ఎందుకంటే చల్లబడిన ఫిలమెంటు నిరోధం తగ్గి, దాని వాటా వోల్టేజి కూడా తగ్గుతుంది. మిగిలేది నిప్పురవ్వలాంటి ఎరుపు.

ఇంకో వింత చూడండి. కొన్ని ట్రక్కులకు బ్రేకు నొక్కితే బ్రేకు దీపం వెలగదు గాని, వెయ్యని వెనకదీపాలు గుడ్డిగా వెలుగుతాయి. దయ్యం పట్టలేదు. ఎడమ దీపానికి ఎర్తు తెగింది. ఇంటికి దారి దొరకని విద్యుత్తు, పక్కనే ఉన్న వెనకదీపం ఫిలమెంటులో ఎదురెక్కి, ఆ తీగ వెంట కుడివైపు దీపానికి పోయి, అక్కడి ఎర్తు ద్వారా బయటపడుతోంది. కోటిపల్లి రేవులో పంటు ఆగితే జనం ఎదుర్లంక వంతెన మీదుగా చుట్టూ తిరిగి పోరూ, అలాగన్నమాట. ఈ లక్షణం కనిపిస్తే బల్బుల జోలికి పోకండి, ముందు ఎర్తు చూడండి.

ఎలా చూడాలి? పెద్దవాళ్ళను పక్కన పెట్టుకొని, ఇంజను ఆపి, చక్రాలకు అడ్డు పెట్టి చూడాలి. 12 వోల్టులు షాకు కొట్టవు గాని, బ్యాటరీ రెండు కొసలూ పొరపాటున కలిస్తే తీగ ఎర్రగా కాలుతుంది. బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ వాయువు ఉంటుంది కాబట్టి అగ్గిపుల్ల పనికిరాదు. ఇంట్లోని 230 వోల్టుల మీద ఈ ప్రయోగాలేవీ చెయ్యకూడదు. ఆరేడు మీటర్ల తీగ తీసుకొని ఒక కొస బ్యాటరీ ఋణ ధ్రువానికి బిగించి, దీపం స్విచ్చి వేసి, రెండో కొసను హోల్డరు లోహానికి ఆనించండి. దీపం భగ్గుమంటే లోపం తిరుగు దారిలోనే ఉంది. మార్పు లేకపోతే వెళ్ళే దారిలో వెతకాలి. అప్పుడు మధ్యలో ఉన్న ప్లగ్గు దగ్గర ఒక చిన్న 12 వోల్టుల బల్బుతో పరీక్షించండి. అక్కడికి విద్యుత్తు వస్తే లోపం ట్రక్కులో ఉంది, రాకపోతే ట్రాక్టరులో ఉంది. ఫ్యూజు పోయి ఉంటే దాని స్థానంలో లావుపాటి తీగ చుట్టే వారిని చూస్తే నాకు భయం. అప్పుడు కాలేది ఫ్యూజు కాదు, తీగలు.

మరలు గీకి మెరిపించి, బిగించి, పైన వాజలైను పూస్తే కొన్నాళ్ళు నడుస్తుంది. చట్రాన్ని నమ్మకుండా రెండు దీపాల నుంచీ ప్లగ్గులోని ఎర్తు పిన్నుదాకా వేరే తీగ వేయించడమే సరైన మందు. హుక్కులో బురద, గ్రీజు ఉంటాయి. గతుకు గతుకుకూ దాని స్పర్శ తెగుతుంది. ట్రక్కును కాలువలో దింపి కడిగేవాళ్ళు ఇంకొకటి గమనించాలి. పడవలను బండి మీద తీసుకుపోయే దేశాలలో, బండిని నీళ్ళలోకి దింపే ముందు ప్లగ్గు ఊడదీస్తారు. వేడిగా ఉన్న దీపం మునిగితే లోపలి గాలి సంకోచించి నీటిని లోపలికి పీల్చుకుంటుంది, బల్బు పగలనూవచ్చు.

ఎరుపు రిఫ్లెక్టరు బిళ్ళలు అంటిస్తే చాలదా అని కొందరంటారు. అవీ ఉండాలి. కాని ఎదుటివాడి దీపం పడితేనే అవి మెరుస్తాయి. మా కుర్రవాడి సైకిలుకు దీపం లేదు. మోటారు సైకిలు మీద గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వచ్చేవాడైనా సెకనుకు 14 మీటర్లు పోతాడు. చూసి, తెలుసుకొని బ్రేకు వేసేలోపు అదే 14 మీటర్లు. ఆగడానికి ఇంకో 20.

బడి ప్రయోగశాలలో మనం పిల్లలకు కొత్త తీగలు, మెరిసే స్క్రూలు ఇస్తాం. వలయం కలపగానే బల్బు వెలుగుతుంది, మార్కులు వేస్తాం. వెలగని వలయాన్ని ఇచ్చి లోపం కనిపెట్టమని ఎప్పుడూ అడగం. అది మెకానిక్కు పని అని నా తోటి ఉపాధ్యాయులు కొందరు అంటారు. షెడ్డులో పనిచేసే కుర్రవాడు లోపం పట్టుకుంటాడు, ఎందుకో చెప్పలేకపోవచ్చు. మన విద్యార్థి ఎందుకో చెబుతాడు, పట్టుకోలేడు. ఇద్దరికీ నష్టమే. పాత ఇనుము కొట్టులో ఒక తుప్పు పట్టిన ట్రక్కు దీపం కొని ప్రతి బడి ప్రయోగశాలలోనూ పెట్టాలని, ప్రాక్టికల్ మార్కులు దాని మీద వెయ్యాలని నేను కోరుతున్నాను.

మా బడికి అలాంటిది ఒకటి కొన్నాను. ఆ ట్రక్కుకు ఒక ఆదివారం పిల్లలే ఎర్తు తీగ వేశారు. పిండికట్టు విప్పిన ఆ కుర్రవాడు ఎడమచేత్తో తీగ కొస పట్టుకొని హోల్డరుకు ఆనించాడు. దీపం వెలిగింది. యజమాని ట్రాక్టరెక్కి నాలుగుసార్లు బ్రేకు నొక్కి, "వెలిగిందా అండీ?" అని నాలుగుసార్లూ అడిగాడు.