జన్యువుల లాటరీ!

ఆపరేషన్ బల్ల మీద రోగికి మత్తు ఇస్తారు. ఊపిరి కోసం గొంతులోకి గొట్టం వేయాలంటే కండరాలు కాసేపు సడలాలి. అందుకని చాలాసార్లు ఇంకో ఇంజెక్షనూ ఇస్తారు. దాని పేరు సక్సినైల్‌కోలిన్. మామూలుగా అయితే పది నిమిషాల్లోపే దాని ప్రభావం పోతుంది. రక్తంలో ఉండే బ్యూటిరిల్ కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ ఆ మందును చకచకా ముక్కలు చేసేస్తుంది.

కానీ కొందరిలో అలా జరగదు. పది నిమిషాలు కాస్తా గంటలవుతాయి. ఆపరేషన్ అయిపోయినా కండరాలు కదలవు, సొంతంగా ఊపిరి అందదు. ప్రభావం తగ్గేదాకా వెంటిలేటర్ మీద ఉంచాల్సిందే. కారణం... ఆ ఎంజైమ్ వాళ్ల రక్తంలో పనిచేయకపోవడం! విచిత్రమేంటంటే, దీనివల్ల రోజువారీ జీవితంలో వాళ్లకు ఏ ఇబ్బందీ ఉండదు. ఆ మందు ఒంట్లోకి వెళ్లేదాకా లోపం ఉందన్న సంగతే తెలియదు.

ఎక్కడైనా ఇది చాలా అరుదు. తెలుగునాట ఆర్యవైశ్యుల్లో మాత్రం ఇతరులతో పోలిస్తే దాదాపు వంద రెట్లు ఎక్కువ. ఎందుకలా? తిండి వల్లా? వ్యాపారం వల్లా? వాతావరణం వల్లా? ఏదీ కాదు. జవాబు కావాలంటే జన్యువులు తరతరాలుగా ఎలా మారుతూ వచ్చాయో చూడాలి.

పనికొచ్చింది కాబట్టి...

పరిణామం అనగానే అందరికీ గుర్తొచ్చేది డార్విన్ మాట. పనికొచ్చే లక్షణం నిలుస్తుంది, పనికిరానిది పోతుంది. దీన్నే ప్రకృతి వరణం అంటారు. దీనికి చక్కటి ఉదాహరణ సికిల్ సెల్.

హిమోగ్లోబిన్ జన్యువులో ఒక్క అక్షరం మారితే ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోతాయి. అమ్మానాన్నలిద్దరి నుంచీ ఆ మార్పు వస్తే బిడ్డకి తీవ్రమైన రక్తహీనత, భరించలేని నొప్పులు. ఇంత ప్రమాదకరమైన జన్యువు ఈపాటికి అంతరించిపోవాలి కదా! పోలేదు. ఎందుకంటే ఒక్కరి నుంచే వచ్చినవాళ్లకి జబ్బు రాదు సరికదా, ప్రాణాంతక మలేరియా నుంచి రక్షణ దొరుకుతుంది. మలేరియా ఉన్నచోట వాళ్లు బతికి, పిల్లల్ని కన్నారు. జన్యువు నిలిచింది. ఆఫ్రికాలోనే కాదు, మనదేశంలోని గిరిజన ప్రాంతాల్లోనూ ఇది ఎక్కువగా కనిపించేది అందుకే. మలేరియాకీ రక్త జబ్బులకీ ఇలాంటి లంకె ఉండొచ్చని 1949లో మొదట ఊహించినవాడు జె.బి.ఎస్. హాల్డేన్. 1954లో ఆంథొనీ ఆలిసన్ తూర్పు ఆఫ్రికాలో సికిల్ సెల్ విషయంలో దాన్ని నిరూపించాడు.

అన్నట్టు, హాల్డేన్‌కీ తెలుగునేలకీ ఓ బంధం ఉంది. బ్రిటన్‌లో పుట్టిన ఆయన 1957లో మనదేశానికి వచ్చేశాడు. 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాక, ఆయన కోరిక ప్రకారం భౌతికకాయాన్ని కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించారు.

ఇంటిపేరు లెక్క

మరి ఎంజైమ్ లోపం సంగతేంటి? అది లేకపోవడం వల్ల ఎవరికీ ఏ లాభమూ కనిపించదు. అక్కడే రెండో శక్తి రంగంలోకి వస్తుంది. దాని పేరు యాదృచ్ఛికత.

ఓ పల్లెలో పది ఇంటిపేర్లున్నాయనుకోండి. ఒకరికి అందరూ ఆడపిల్లలే. ఇంకొకరికి సంతానమే లేదు. మరొకరికి ఆరుగురు కొడుకులు. నాలుగైదు తరాలు గడిచేసరికి కొన్ని ఇంటిపేర్లు మాయమవుతాయి, ఒకటో రెండో ఊరంతా నిండిపోతాయి. నిండిన పేరు గొప్పదనీ కాదు, పోయిన పేరు చెడ్డదనీ కాదు. అంతా లాటరీ! జన్యువుల్లోనూ ఇంతే. శాస్త్రవేత్తలు దీన్ని జన్యు విస్థాపన అంటారు. జనం ఎంత తక్కువుంటే ఈ లాటరీ ప్రభావం అంత ఎక్కువ.

అణువుల స్థాయిలో జరిగే మార్పుల్లో ఎక్కువ భాగం మంచీ కాదు, చెడూ కాదు, కేవలం ఇలా అదృష్టవశాత్తూ నిలిచినవేనని 1968లో జపాన్ శాస్త్రవేత్త మోటూ కిమురా ప్రతిపాదించినప్పుడు పెద్ద దుమారమే రేగింది. ఇప్పుడది జన్యుశాస్త్రానికి పునాదుల్లో ఒకటి.

కొద్దిమందితో మొదలై...

హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు తంగరాజ్, లాల్జీ సింగ్, అమెరికాకు చెందిన డేవిడ్ రైక్ బృందంతో కలిసి భారతీయుల జన్యువుల మీద చేసిన అధ్యయనం 2009లో 'నేచర్'లో వచ్చింది. 2017లో మరింత విస్తృతమైన అధ్యయనం 'నేచర్ జెనెటిక్స్'లో వెలువడింది. దక్షిణాసియాలోని 263 సమూహాలను పరిశీలిస్తే, 81 సమూహాలు ఒకప్పుడు చాలా కొద్దిమందితో మొదలైనవేనని తేలింది. వాటిలో 14 సమూహాల జనాభా పది లక్షలకు పైనే!

వైశ్యులదీ ఇదే కథ. రెండు మూడు వేల ఏళ్ల కిందట కొద్దిమంది పూర్వికులు. ఆ తర్వాత తరతరాలుగా పెళ్లిళ్లన్నీ ఆ వర్గంలోనే. ఆనాటి కొద్దిమందిలో ఎవరికో ఉన్న చిన్న జన్యులోపం, సంతతి లక్షల్లోకి పెరగడంతో తానూ పెరిగింది. మరి ప్రకృతి దాన్ని ఏరిపారేయలేదా అంటే... ఎందుకు పారేస్తుంది? సక్సినైల్‌కోలిన్ ఆపరేషన్ థియేటర్లలోకి వచ్చింది 1950ల్లో. అంతకుముందు ఆ లోపం ఎవరికీ అడ్డు రాలేదు.

ఇక్కడ ఓ ముఖ్యమైన సంగతి గమనించాలి. 'మా ఇంట్లో మేనరికాలు లేవు, మాకేం భయం' అనుకుంటారు చాలామంది. కానీ మేనరికం లేకపోయినా, దాదాపు వంద తరాల కిందటి పూర్వికులు ఒకరే అయినప్పుడు, ఏ బంధుత్వమూ తెలియని వధూవరుల్లోనూ ఒకే లోపం దాగి ఉండొచ్చు. ఇది ఏ ఒక్క కులానికో సంబంధించిన మచ్చ కాదు. కొద్దిమందితో మొదలైన ప్రతి సమూహానికీ తనదైన జాబితా ఒకటి ఉంటుంది. కొన్నింటిది బయటపడింది, చాలావాటిది ఇంకా బయటపడాలి.

ఉల్లిపాయ ముందు దిగదుడుపే!

యాదృచ్ఛికత ఒకటీ అరా జన్యువులతో ఆగలేదు. మొత్తం జన్యురాశి స్వరూపాన్నే మార్చేసింది. మనిషి జన్యురాశిలో ఉన్న అక్షరాలు దాదాపు 310 కోట్లు. వంటింట్లో కోసే ఉల్లిపాయలో? సుమారు 1,600 కోట్లు! అంటే మనకు అయిదు రెట్లు. అంతమాత్రాన ఉల్లిపాయ మనకన్నా తెలివైంది కాదు కదా!

మనలోని అక్షరాల్లో ప్రొటీన్ల తయారీకి సూచనలిచ్చేవి ఒకటిన్నర శాతమే. దాదాపు సగం, తమను తాము నకలు చేసుకుంటూ జన్యురాశిలో అక్కడక్కడా చొరబడ్డ ముక్కలు, వాటి శిథిలాలు. 'ఆలు' అనే ఒక్క ముక్కకే పది లక్షలకు పైగా నకళ్లున్నాయి. బ్యాక్టీరియాలో ఇంత సరంజామా కనిపించదు. ఎందుకు? వాటి సంఖ్యకు అంతులేదు. అంత పెద్ద సంఖ్యలో ఉన్నప్పుడు చిన్న బరువైనా ప్రకృతి కంటపడుతుంది. మన పూర్వికుల సంఖ్య చాలాకాలం వేలల్లోనే. కొద్దిపాటి నష్టం చేసే మార్పులు ఆ లాటరీలో ఇట్టే తప్పించుకున్నాయి. 2007లో అమెరికా శాస్త్రవేత్త మైకేల్ లించ్ రాసిన పుస్తకం సారాంశం ఇదే. దీనిమీద వాదోపవాదాలు ఆగలేదు. జన్యురాశిలో 80 శాతానికి ఏదో ఒక పని ఉందని 2012లో ఎన్‌కోడ్ అనే భారీ ప్రాజెక్టు ప్రకటిస్తే, ఏదో ఒక రసాయన చర్య జరిగినంత మాత్రాన అది ఉపయోగం అయిపోతుందా అని మిగతావాళ్లు ఎదురు ప్రశ్నించారు.

అయితే ఒకటి. పాత సామాన్లలోంచీ ఒక్కోసారి పనికొచ్చేది దొరుకుతుంది. ఎప్పుడో మన పూర్వికుల్లో చొరబడ్డ వైరస్‌ జన్యువు ఒకటి ఇప్పుడు గర్భంలో మాయ ఏర్పడటానికి తోడ్పడుతోంది. దాని పేరు సిన్‌సిటిన్. చొరబడటం యాదృచ్ఛికం, నిలబెట్టుకోవడం ప్రకృతి వరణం. రెండూ కలిస్తేనే కథ పూర్తవుతుంది.

ప్రకృతి చూపు ఆననిచోట

ప్రకృతి వరణానికి ఇంకో బలహీనత ఉంది. పిల్లలు పుట్టి పెరిగాక వచ్చే జబ్బులు దానికి సరిగా ఆనవు. గుండె కండరానికి అవసరమైన ఎంవైబీపీసీ3 అనే జన్యువులో 25 అక్షరాలు ఊడిపోయిన మార్పు భారతీయుల్లో దాదాపు నాలుగు శాతం మందిలో ఉందని 2009లో తంగరాజ్ తదితరులు వెల్లడించారు. ఉన్న అందరికీ జబ్బు రాదు. కానీ నడివయసు దాటాక గుండె కండరం బలహీనపడే ముప్పు దీనివల్ల పెరుగుతుందని వాళ్లు తేల్చారు. అప్పటికే ఆ జన్యువు పిల్లలకు చేరిపోయి ఉంటుంది. ఇక ప్రకృతి చేసేదేముంది?

తెలుసుకుంటే చాలు

ప్రకృతి చేయలేని పనిని తెలివి చేయగలదు. ఎంజైమ్ లోపాన్ని మామూలు రక్తపరీక్షతో కనిపెట్టవచ్చు. ఆపరేషన్‌కి ముందు 'మా ఇంట్లో ఫలానా వాళ్లు మత్తులోంచి ఆలస్యంగా తేరుకున్నారు' అని ఒక్కమాట చెబితే, మత్తు డాక్టరు ఆ మందు మానేసి వేరేది వాడతారు. రోగికి తేడా కూడా తెలియదు. ఒకరిలో లోపం బయటపడితే తోబుట్టువులకూ పరీక్ష చేయించడం మంచిది. సికిల్ సెల్‌ విషయంలోనూ అంతే. 2023లో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ కార్యక్రమం ఏడు కోట్ల మందికి పరీక్షలు చేయాలని లక్ష్యంగా పెట్టుకుంది. పెళ్లికి ముందే ఇద్దరికీ ఆ జన్యువు ఉందో లేదో తెలిస్తే, పుట్టబోయే బిడ్డ గురించి ముందే ఆలోచించుకోవచ్చు.

సంబంధం కుదుర్చుకునేటప్పుడు అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు చూడాలంటారు పెద్దలు. ఆస్తులూ హోదాలతో పాటు, ఎవరికి ఏ జబ్బు చేసింది, ఎవరికి ఏ మందు పడలేదు అన్నదీ ఓ కాగితం మీద రాసిపెడితే... రేపు ఆపరేషన్ బల్ల మీద పడుకునే మనవడికో మనవరాలికో ఆ కాగితమే కొండంత అండ!